ఉన్న ల్యాప్‌టాప్‌లోనే రెండో కంప్యూటర్: ప్రోగ్రామింగ్ ల్యాబుకు వర్చువల్ మెషీన్ పెట్టుకోవడం ఎట్లా?

ఆత్మకూరు, వెలుగోడు, పాములపాడు, కొత్తపల్లి మండలాల నుంచి నంద్యాలకో కర్నూలుకో పోయి బీటెక్, డిప్లొమా, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతూ ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్న విద్యార్థుల కోసం ఈ పీడీఎఫ్. ల్యాప్‌టాప్ కొనిచ్చిన అమ్మానాన్నలు కూడా మొదటి రెండు భాగాలు చదవండి. ఎందుకంటే డబ్బు పోయేదీ, ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ చెడేదీ ఎక్కువగా అక్కడే.

పథకంలో ఏముంది, ఏం లేదు

ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం భరించేది కాలేజీ ఫీజు. మెయింటెనెన్స్ కింద ఇచ్చేది హాస్టలు, భోజనం ఖర్చుకు. కొన్నేళ్లు ఇవే విద్యాదీవెన, వసతిదీవెన పేర్లతో నడిచాయి. పేరు ఏదైనా ఇందులో ల్యాప్‌టాప్ ఇవ్వరు. విభిన్న ప్రతిభావంతులైన విద్యార్థులకు ల్యాప్‌టాప్ ఇచ్చే పథకం వేరే ఉంది, దానికి ఆ సంక్షేమ శాఖ కార్యాలయంలోనే అడగాలి. వాట్సాప్‌లో "ఉచిత ల్యాప్‌టాప్, ఈ లింకు నొక్కి ఆధార్ కొట్టండి" అని వచ్చేవి నమ్మొద్దు. అట్లాంటి మెసేజ్‌లు బూటకమని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఒకటికి నాలుగుసార్లు చెప్పింది.

కాబట్టి చాలా ఇళ్లలో జరిగేది ఇది: పొదుపు సంఘం అప్పుతోనో, మిరప అమ్మిన డబ్బుతోనో ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ వస్తుంది. అందులోనే చెల్లెలి ఆన్‌లైన్ క్లాసులు, నాన్న పట్టాదారు పాసుపుస్తకం స్కాన్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పెళ్లి ఫొటోలు అన్నీ ఉంటాయి. రెండో ఏడాదిలో సారు "లినక్స్ వేసుకుని రండి" అంటారు. పిల్లవాడు అంగడికి తీసుకుపోతాడు. అక్కడ డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి లినక్స్ వేసిస్తారు. లినక్స్ వస్తుంది, మిగతాదంతా పోతుంది. ఇందులో అంగడివాళ్ల మోసం ఉండాల్సిన పని లేదు. వాళ్లను అడిగింది లినక్స్, వాళ్లు వేసింది లినక్స్.

దీనికి వేరే దారి ఉంది, రూపాయి ఖర్చు లేదు. ఇంట్లో కూర్చుని ఒక ఆదివారం పనిగా చేసుకోవచ్చు.

లినక్స్ ఎందుకు అడుగుతారు?

జెఎన్‌టీయూ అనంతపురం ఆర్23 సిలబస్‌లో మొదటి ఏడాది ఐటీ వర్క్‌షాప్‌లోనే, విండోస్ ఉన్న కంప్యూటర్లో లినక్స్ కూడా వేయడం విద్యార్థి చేతులతో చేయాల్సిన పనిగా పెట్టారు. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబులో యూనిక్స్ కమాండ్లు, వీఐ ఎడిటర్, ఫోర్క్, ఎగ్జెక్ లాంటి సిస్టమ్ కాల్స్ వస్తాయి. ఈ ఫోర్క్ అనేది నడుస్తున్న ప్రోగ్రామ్ తనలాంటి ఇంకో ప్రోగ్రామ్‌ను పుట్టించే పద్ధతి. విండోస్‌లో డెవ్ సీ, కోడ్‌బ్లాక్స్ పెట్టుకుని అదే కొడితే, ఫోర్క్ అంటే ఏందో నాకు తెలీదని ఎర్రర్ వస్తుంది. మీ ప్రోగ్రామ్ తప్పు కాదది. విండోస్‌లో ఆ సిస్టమ్ కాల్ లేదు, అంతే.

కాలేజీ ల్యాబులో వారానికి ఒక సెషన్ దొరుకుతుంది. పల్లె నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్లకు సాయంత్రం ల్యాబు తెరిచి ఉంచినా లాభం లేదు, చివరి బస్సు పోతుంది. ఇంట్లో సాధన చేసుకోనివాళ్లు ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజు నల్ల తెర చూసి బిగుసుకుపోతారు. ల్యాబులో తప్పితే అది బ్యాక్‌లాగ్.

వర్చువల్ మెషీన్ అంటే

మీ ల్యాప్‌టాప్‌లో నడిచే ఒక మామూలు ప్రోగ్రామ్, తన లోపల ఇంకో పూర్తి కంప్యూటర్ ఉన్నట్టు నటిస్తుంది. ఆ లోపలి కంప్యూటర్‌కు సొంత డిస్కు, సొంత ర్యామ్, సొంత తెర. దాని డిస్కు నిజానికి మీ డిస్కులో ఒక పెద్ద ఫైలు మాత్రమే. లోపల ఏం చెడిపోయినా ఆ ఫైలు చెడుతుంది, బయట విండోస్‌కు ఏం కాదు. అక్కర్లేకపోతే ఆ ఫైలు తీసేస్తే సరి.

ఇది మీకు పూర్తిగా కొత్తేం కాదు. ఇంటర్‌లోనో మొదటి ఏడాదిలోనో టర్బో సీ నీలం తెర చూసుంటారు. ఇప్పటి విండోస్‌లో అది నేరుగా నడవదు, డాస్‌బాక్స్ అనే పెట్టెలో నడుస్తుంది. పాత డాస్ కంప్యూటర్ ఉన్నట్టు ఆ పెట్టె నటిస్తుంది. వర్చువల్ మెషీన్‌ది కూడా అదే ఆలోచన, ఇంకా పెద్దగా, ఇంకా వేగంగా. ఈ ఆలోచన పాతదే. ఐబీఎం వాళ్లు 1960లలో ఒక్క ఖరీదైన మెషీన్‌ను చాలామంది ఎవరిది వారికి ఉన్నట్టు వాడుకోవడానికి తయారుచేసి, 1972లో వీఎం/370 పేరుతో అందరికీ ఇచ్చారు. అప్పుడు కంపెనీకి ఒక మెషీన్ ఉండేది, ఇప్పుడు మన ఇంటికి ఒకటుంది. అవసరం మాత్రం అదే.

ముందు మీ ల్యాప్‌టాప్‌ను చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. కింద "వర్చువలైజేషన్" పక్కన ఎనేబుల్డ్ అని ఉంటే మంచిది. మెమరీ నొక్కితే ర్యామ్ ఎంతో తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ చూస్తే 64 బిట్టా 32 బిట్టా అని ఉంటుంది. 32 బిట్ విండోస్ మీద ఇప్పటి వర్చువల్‌బాక్స్ ఎక్కదు. సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో కనీసం 30 జీబీ ఖాళీ ఉండాలి.

వర్చువలైజేషన్ డిసేబుల్డ్ అని ఉంటే ల్యాప్‌టాప్ పనికిరాదని కాదు, ఎవరూ ఆన్ చేయలేదని. ఆపి మళ్లీ ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 (హెచ్‌పీ అయితే ఎఫ్10) నొక్కుతూ ఉంటే బయోస్ తెర వస్తుంది. ఇంటెల్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అన్న వరుస వెతికి ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. ఇంకేదీ ముట్టుకోవద్దు.

దీనికి ముందు ఒక జాగ్రత్త. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ముందే వేసి ఉంటుంది. బయోస్‌లో మార్పు చేశాక అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే డిస్కులో ఉన్నవేవీ చేతికి రావు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదైతే ఆ కీ పాత యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండిపోయి ఉండొచ్చు. అందుకే ముందు సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని వెతికి చూడండి. ఆన్‌లో ఉంటే కీ కాగితం మీద రాసుకున్నాకే బయోస్ జోలికి పోండి. ధ్రువపత్రాలు, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం ఎట్లాగూ మంచిదే.

ర్యామ్ విషయంలో ఉన్నమాట చెప్పాలి. 8 జీబీ ఉంటే హాయిగా ఉబుంటు వేసుకోవచ్చు. 4 జీబీ మాత్రమే ఉంటే ఉబుంటు వద్దు. విండోస్‌కే అది చాలదు, రెండూ కలిసి నత్తనడక నడుస్తాయి, మీకు లినక్స్ మీదే విరక్తి పుడుతుంది. అట్లాంటివాళ్లు డెబియన్‌ను బొమ్మల తెర లేకుండా, ఉత్త నల్ల తెరతో వేసుకోండి. దానికి 1 జీబీ ఇస్తే చాలు. ఓఎస్ ల్యాబులో చేసే పనంతా నల్ల తెర మీదే కదా, పోయేదేం లేదు.

దింపుకోవడం

రెండు కావాలి. ఒకటి వర్చువల్‌బాక్స్, వర్చువల్‌బాక్స్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది, నూట చిల్లర ఎంబీ. రెండోది లినక్స్ ఐఎస్ఓ ఫైలు. ఉబుంటు 24.04 అయితే దాదాపు 6 జీబీ. డెబియన్ నెట్‌ఇన్‌స్ట్ అయితే 1 జీబీ లోపే, వేసేటప్పుడు ఇంకొన్ని వందల ఎంబీ లాగుతుంది. కాలేజీలో వీఎంవేర్ అన్నారంటే భయపడొద్దు. అది ఇంకో కంపెనీ చేసిన అలాంటి పెట్టే. లోపల లినక్స్ అదే, మీ ప్రోగ్రాములూ అవే.

రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వచ్చే ఫోనుతో 6 జీబీ దింపాలంటే నాలుగు రోజులు పడుతుంది, మధ్యలో తెగితే మళ్లీ మొదటికి. అందుకే క్లాసులో ఒకరు కాలేజీ వైఫైలో దింపి, మిగతావాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి. ఇది పైరసీ కాదు. ఉబుంటు, డెబియన్ ఎంతమందికైనా పంచుకోవచ్చని వాటి లైసెన్సే చెబుతుంది. వీటికి సీడీ డబ్బులనో, లైసెన్స్ డబ్బులనో ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు. బైర్లూటి, నాగలూటి వైపు గూడేల నుంచి వచ్చే పిల్లలకు సిగ్నల్ కష్టం. వాళ్లకు ముందు కాపీ చేసివ్వండి.

పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేటప్పుడు "ఫైలు చాలా పెద్దది" అని వస్తుంది, 32 జీబీ ఖాళీ ఉన్నా సరే. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉండటం వల్ల అట్లా వస్తుంది, అందులో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు. లోపలున్నవి తీసి భద్రం చేసుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది.

పెట్టడం

వర్చువల్‌బాక్స్ వేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ లేదని ఆగిపోతే, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఆ చిన్న ప్యాకేజీ వేసి మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలో నెట్ ఒక క్షణం తెగుతుందని హెచ్చరిస్తుంది, పర్వాలేదు.

తెరిచి "న్యూ" నొక్కండి. పేరు పెట్టండి, ఐఎస్ఓ ఫైలు చూపించండి. ఇక్కడ అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్ అనే గడి ఉంటుంది. వెర్షన్‌ను బట్టి అది "వదిలెయ్యి" అనో "కానివ్వు" అనో ఉంటుంది. మీరు దాన్ని వద్దనే వైపు పెట్టండి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. దాన్ని అట్లాగే వదిలేస్తే మీకు చెప్పకుండా వీబాక్స్‌యూజర్ అనే పేరుతో, చేంజ్‌మీ అనే పాస్‌వర్డ్‌తో లినక్స్ తనే వేసేసుకుంటుంది. తర్వాత లాగిన్ పాస్‌వర్డ్ ఏందో తెలీదు, తెలిసినా ఏదైనా వేసుకోబోతే నీకు అధికారం లేదంటుంది.

ర్యామ్ దగ్గర పచ్చగీత, ఎర్రగీత కనబడతాయి. పచ్చ దాటొద్దు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 3 నుంచి 4 జీబీ, 4 జీబీ ల్యాప్‌టాప్‌లో డెబియన్‌కు 1 జీబీ. ప్రాసెసర్లు రెండు. డిస్కు 25 జీబీ చాలు. అది ఒక్కసారే 25 జీబీ మింగదు, వాడేకొద్దీ పెరుగుతుంది.

స్టార్ట్ నొక్కితే లినక్స్ ఇన్‌స్టలేషన్ మొదలవుతుంది. కొంత దూరం పోయాక "ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ ఉబుంటు" అని వస్తుంది. గుండె జారుతుంది. జారక్కర్లేదు. అది చెరిపేది ఆ 25 జీబీ నకిలీ డిస్కునే. లోపలి కంప్యూటర్‌కు మీ అసలు డిస్కు ఉందన్న సంగతే తెలీదు. అయితే ఈ మాట వర్చువల్‌బాక్స్ కిటికీ లోపల కనబడితేనే వర్తిస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి ల్యాప్‌టాప్‌నే బూట్ చేసినప్పుడు అదే వాక్యం వస్తే, అప్పుడు నిజంగానే అంతా పోతుంది. అక్కడే ఆపేయండి.

డెబియన్ వేసేవాళ్లకు రెండు సంగతులు. రూట్ పాస్‌వర్డ్ అడిగినచోట ఖాళీగా వదలండి, అప్పుడే మీ సొంత పేరుకు సుడో అధికారం వస్తుంది. చివర్లో ఏమేం కావాలని అడిగే పట్టీలో డెస్క్‌టాప్ అన్నవాటి దగ్గర స్పేస్ నొక్కి గుర్తు తీసేయండి.

అయ్యాక టెర్మినల్ తెరిచి, అన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్ అని, తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ అని కొట్టండి. రెండోదానితో సీ కంపైలర్ జీసీసీ వస్తుంది. పైథాన్ ఉబుంటులో ముందే ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కూడా కనబడవు. కీబోర్డు చెడిందేమో అనుకుంటారు. లేదు, చూపించదంతే. పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.

అంతా బాగుందనుకున్న ఆ రోజే స్నాప్‌షాట్ అన్నది నొక్కి ఒక పేరు పెట్టి ఉంచండి. రేపు ఏదైనా చెడితే రెండు నొక్కులతో ఈ రోజుకు తిరిగొస్తుంది. అయితే అప్పటినుంచి రాసిన ప్రోగ్రాములు కూడా వెనక్కి పోతాయి. వాటిని ముందు బయటికి తీసుకోండి.

టర్బో సీ అలవాటున్నవాళ్లకు

టర్బో సీలో రాసిన ప్రోగ్రామ్ జీసీసీలో పెడితే మొదటి వరుసలోనే ఎర్రర్ వస్తుంది. కోనియో డాట్ హెచ్, క్లియర్‌స్క్రీన్ పిలుపు, చివర్లో గెట్‌సీహెచ్, ఈ మూడూ తీసేయండి. అవి డాస్ కాలం సామాన్లు, సీ భాషలో భాగం కావు. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాసి చివర రిటర్న్ 0 పెట్టండి.

ఇంకోటి, ఇది వైవాలో అడగదగ్గది. టర్బో సీలో ఇంట్ అంటే రెండు బైట్లు, 32767 దాకానే పడుతుంది. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్‌కు 8 ఇస్తే 40320 రావాలి, కానీ నీలం తెర మీద మైనస్ 25216 వస్తుంది. ప్రోగ్రామ్ తప్పని రాత్రంతా వెతుకుతారు. అదే ప్రోగ్రామ్ లినక్స్‌లో జీసీసీతో నడిపితే 40320 అని సరిగ్గా వస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఇంట్ నాలుగు బైట్లు. అందుకని జీసీసీ ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుందని కాదు. 13 ఇచ్చి చూడండి, అదీ తప్పుతుంది. రెండు మెషీన్లలో ఒకే ప్రోగ్రామ్ నడిపి తేడా చూస్తే, పుస్తకంలో రెండు పేజీలు చదివినా అర్థం కానిది ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

వాడేటప్పుడు

మౌస్ లోపల ఇరుక్కుంటే కుడివైపు కంట్రోల్ మీట నొక్కండి, బయటికి వస్తుంది. కిటికీ మూసేటప్పుడు మూడు దారులు చూపిస్తుంది. సేవ్ స్టేట్ నొక్కితే ఉన్నదున్నట్టు నిద్రపోతుంది, రేపు అక్కడినుంచే లేస్తుంది. బస్సు టైముకు పరుగెత్తేవాళ్లకు ఇదే మేలు. పవర్ ఆఫ్ అంటే కరెంటు పీకేసినట్టు, అది వద్దు. కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోతే లోపల సేవ్ చేయనిది పోతుంది. ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ అరగంట కూడా రాదు కాబట్టి పది వరుసలు రాస్తే ఒకసారి సేవ్ చేయండి.

ఫోను హాట్‌స్పాట్ పెట్టినప్పుడు లోపలి ఉబుంటు కూడా అదే డేటా తింటుంది. అడక్కుండానే అప్‌డేట్లు దింపుకుంటుంది. కిటికీ కింద నెట్‌వర్క్ బొమ్మ మీద కుడి నొక్కు నొక్కి కనెక్షన్ తీసేస్తే ఆగుతుంది. ప్రోగ్రాములు రాయడానికి, నడపడానికి నెట్ అక్కర్లేదు.

కింద మూలన పచ్చ తాబేలు బొమ్మ కనబడితే, విండోస్ సొంత హైపర్-వీ కూడా ఆన్‌లో ఉందని అర్థం. పని జరుగుతుంది, కాస్త మెల్లగా. ఓపిక పట్టగలిగితే అట్లాగే వాడండి. యూట్యూబ్ చూసి విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్‌లన్నీ ఆపేయడం కంటే తాబేలే నయం.

వర్చువల్ మెషీన్ పెట్టుకోలేనివాళ్లకు

విండోస్ 10, 11లలో డబ్ల్యూఎస్ఎల్ అని ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌షెల్ తెరిచి డబ్ల్యూఎస్ఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు, ఇన్‌స్టాల్ అని కలిపి కొడితే ఉబుంటు నల్ల తెర వస్తుంది. ఫోర్క్ పనిచేస్తుంది. దీనికీ బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలి. కానీ లినక్స్ వేయడం ఎట్లాగో ఇందులో నేర్చుకోలేరు, ఐటీ వర్క్‌షాప్ వాళ్లకు సరిపోదు.

ల్యాప్‌టాపే లేకపోతే ఆండ్రాయిడ్ ఫోనులో ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ వేసుకుని, అందులో క్లాంగ్ కంపైలర్ పెట్టుకోండి. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్సే కాబట్టి ఫోర్క్ ప్రోగ్రాములు ఫోనులోనే నడుస్తాయి. చిన్న కీబోర్డుతో కళ్లు లాగుతాయి, నిజమే. ఓటీజీ తీగతో మామూలు కీబోర్డు తగిలిస్తే సగం బాధ తగ్గుతుంది. పైథాన్ మాత్రమే కావాలంటే ఫోను బ్రౌజర్లో గూగుల్ కోలాబ్ తెరవండి. మీరు వాడేది గూగుల్ వాళ్ల కంప్యూటర్లో ఒక వర్చువల్ మెషీనే. కాసేపు వదిలేస్తే అది చెరిగిపోతుంది, లోపల దాచిన ఫైళ్లు డ్రైవ్‌లోకి తీసుకోండి.

ఇంట్లో ల్యాబు దొరికింది కదా అని కాలేజీ ల్యాబు మానొద్దు. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి, పరీక్ష రాయడానికీ కావాలి. ఆ లెక్క కాలేజీ నుంచి పోతుంది, మీ ల్యాప్‌టాప్ నుంచి కాదు. జ్ఞానభూమిలో మీ దరఖాస్తు ఏ దశలో ఉందో తెలీకపోతే సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను అడగండి. బయోస్, బిట్‌లాకర్ గురించి మాత్రం ఆయన్ను అడిగి ఇబ్బంది పెట్టొద్దు, తెర మీద వచ్చిన ఎర్రర్ ఫొటో తీసి మీ ల్యాబు సారుకో మేడమ్‌కో చూపించండి.